మసియు వెలుగును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొనిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను పిలిచినందులకు కార్యవర్గము వారికి నా కృతజ్ఞతాభివందనములు. నేను ఈ ఊరివాడనే. రసాయనశాస్త్రము చదువుకొని, కొంతకాలము ఒక మందుల కర్మాగారమునను, ఆ పిమ్మట చిరకాలము కళాశాలలోను పనిచేసితిని. పద్యములు చదివి సభను రంజింపజేయు శక్తి నాకు లేదు. కావున నేను నేర్చిన విద్యను గూర్చియే మాటలాడెదను.

ఏ విషయముపై మాటలాడెదరని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను "మసి" అని చెప్పితిని. వారు ఒక నిమిషమూరకుండి, "శుభమా అని రజతోత్సవము చేసికొనుచుండగా మసి యేమిటండీ మాస్టారూ!" అనిరి. వారి సందేహము న్యాయమైనదే. ఆ సందేహమును తీర్చుటయే నా ప్రసంగము.

మసి మనకు అపరిచితము కాదు. మా తల్లి ఆముదపు దీపముపై ఇత్తడి పళ్లెమును బోరగించి, దానికంటిన మసిని గీకి, కొంచెము ఆముదముతో రంగరించి కాటుక చేసెడిది. మేము వీధిబడిలో చదువునాడు చెక్కపలకకు దొండాకు పసరును బొగ్గుపొడియును కలిపి రుద్ది నలుపెక్కించుకొనెడివారము. కంటికి అందమిచ్చినది మసియే. అక్షరమునకు ఆధారమైనదియు మసియే. అయినను "మసి పూసి మారేడుకాయ చేయుట" యని సామెత చెప్పి దానికి మనము అపకీర్తియే మిగిల్చితిమి. ఆ మసియందే గత నలుబదియేండ్లలో శాస్త్రజ్ఞులు కొన్ని అపూర్వ పదార్థములను కనుగొనినారు. వానిపై వెలుగు పడినప్పుడు, మిక్కిలి ప్రియమైన లోహములు చేయవలసిన పనిని అవి చేయుచున్నవి. ఇదియే నేటి కథావస్తువు.

మన పలనాటికిని రసవాదమునకును పేరువలన ఒక చుట్టరికమున్నది. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ ఆచార్య నాగార్జునుని పేర ప్రసిద్ధమైనది. బౌద్ధాచార్యుడైన నాగార్జునుడును, రసవాదియైన నాగార్జునుడును వేర్వేరు వ్యక్తులని పెక్కుమంది పండితుల అభిప్రాయము. అది యట్లుండనిండు. హీనలోహమును బంగారము చేయవలెనన్నది నాటి రసవాది కోరిక. బంగారము కంటెను అరుదైన లోహమును ప్రక్కకు నెట్టి, ఆ చోట మసిని కూర్చుండబెట్టవలెనన్నది నేటి రసాయనికుని కోరిక. రెండవదే కష్టతరమని నా నమ్మకము. ఏలయన మొదటిదానిలో ఆశ యొక్కటి చాలును, రెండవదానిలో ఆశతోపాటు నిజాయితీయు కావలెను. ఆ మాటకు తరువాత వచ్చెదను.

మొదట ఉత్ప్రేరకమనగా ఏమో చెప్పవలెను. మనలో పెండ్లిండ్ల పేరయ్యను ఎరుగనివారు లేరు. వధువు ఒక ఊరిలో, వరుడు మరొక ఊరిలో నుందురు. ఒకరినొకరు ఎరుగరు. పేరయ్య నడుమ నిలిచి సంబంధము కుదుర్చును. పెండ్లి కాగానే తాను ఆ కుటుంబములో చేరక, మరొక సంబంధమునకై బయలుదేరును. రసాయనశాస్త్రములో ఉత్ప్రేరకము చేయు పని యిదియే. రెండు పదార్థములను కలిపి, చర్యను త్వరితపరచి, తాను మార్పు చెందక మిగిలిపోవును. మన వంటయిండ్లకు వచ్చిన వనస్పతి యిట్టిదే. నూనెను ఉదజని వాయువుతో కలిపి గట్టిపరచుటకు నికెలు అను లోహపు పొడి పేరయ్య పని చేయును. నేటి మందులు, రంగులు, పురుగుమందులు మొదలగువానిలో పెక్కు ఇట్టి ఉత్ప్రేరకముల సాయముతోనే తయారగుచున్నవి.

ఇక వెలుగు సంగతి. ఎండలో ఆరవేసిన ఎఱ్ఱచీర కొన్నాళ్లకు వెలిసిపోవును. అనగా వెలుగు రసాయనక్రియ జరుపగలదు. ఆకులోని పత్రహరితము సూర్యరశ్మిని పట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటిని చక్కెరగా మార్చుచున్నది. మన వరి, మన పత్తి, మన మిరప అన్నియు ఆ కర్మాగారపు సరుకులే. ఆ కర్మాగారమునకు పొగగొట్టము లేదు.

మానవుడు ఈ విద్యను నేర్వలేడా అని మొదట గట్టిగా ప్రశ్నించినవారిలో ఇటలీ దేశపు రసాయనికుడు జాకొమో చమీచాన్ ముఖ్యుడు. ఆయన బొలోన్యా నగరమున తన ప్రయోగశాల మేడమీద గాజుసీసాలలో ద్రావణములు పోసి, ఎండలో నుంచి, అందు జరుగు మార్పులను పరిశీలించెడివాడు. 1912లో న్యూయార్కులో జరిగిన అంతర్జాతీయ సభలో, పొగ లేని పరిశ్రమలను, గాజుగొట్టముల వనములను ఆయన భావికాలమునకు ఊహించి చెప్పినాడు. బొగ్గు తరిగిపోవు వస్తువనియు, సూర్యుడు తరగని నిధియనియు ఆయన వాదము. నూరేండ్లు గడచినవి, ఆ ఊహ ఇంకను పూర్తిగా ఫలింపలేదు.

కారణమేమి? సేంద్రియ పదార్థములలో, అనగా కర్బనమును ఆధారముగా చేసికొనిన పదార్థములలో, అధికభాగము వర్ణరహితములు. రంగు లేనిది కంటికి కనబడు వెలుగును పట్టుకొనలేదు. వెలుగు గాజులోనుండి పోయినట్లు వానిలోనుండి పోవును. కావున వెలుగును పట్టి వానికందించు మధ్యవర్తి యొకరు కావలెను. గుంటూరు మిర్చియార్డులో రైతునకును కొనుగోలుదారునకును నడుమ దళారి యున్నట్లు, వెలుగునకును అణువునకును నడుమ నిలుచు ఈ దళారికే కాంత్యుత్ప్రేరకమని పేరు.

అది పనిచేయు తీరును మోటబావితో పోల్చి చెప్పెదను. పెద్దలు మోట తోలినవారే. ఎద్దులు లాగగా బావి అడుగున నున్న నీరు గట్టుపైకి వచ్చును. గట్టు చేరిన నీరు తనంతట కాలువలో పారి చేను తడుపును. ఇచ్చట ఎద్దు వెలుగు, నీరు ఎలక్ట్రాను. వెలుగు సోకగానే కాంత్యుత్ప్రేరకములోని ఎలక్ట్రాను క్రింది మెట్టునుండి పైమెట్టునకు లేచును. పైకి వచ్చిన ఎలక్ట్రాను దగ్గరనున్న ఒక అణువులోనికి దుముకును. అది లేచిపోయిన తావున ఒక ఖాళీ యేర్పడును. ఆ ఖాళీ మరొక అణువునుండి ఎలక్ట్రానును గుంజుకొనును. ఒక చేత ఇచ్చి, ఒక చేత పుచ్చుకొని, ఉత్ప్రేరకము తన పూర్వస్థితికి వచ్చును. ఇచ్చిన చోటను పుచ్చుకొనిన చోటను అణువులు చురుకెక్కి, కొత్త బంధములు కట్టుకొనును. దీనికి పెద్ద మంటలు అక్కరలేదు. గది వేడిమి చాలును.

1972లో జపాను దేశీయులగు ఫుజిషిమా, హోండా అను శాస్త్రజ్ఞులు టైటానియము ఆక్సైడు అను తెల్లని పదార్థముపై వెలుగు ప్రసరింపజేసి, నీటిని ఉదజనిగను ప్రాణవాయువుగను విడదీయవచ్చునని ప్రకటించిరి. కాని దానికి సూర్యరశ్మిలో స్వల్పభాగమైన అతినీల కిరణములే పనికివచ్చును. 2008లో అమెరికాలో మెక్‌మిలన్, యూన్ అను ఆచార్యుల బృందములు వేర్వేరుగా, రుథీనియము అను లోహముతో కూడిన రంగు పదార్థమును కాంత్యుత్ప్రేరకముగా వాడి, మామూలు దీపపు వెలుగుతో సేంద్రియ అణువులను నేర్పుగా కూర్చవచ్చునని చూపిరి. అప్పటినుండి ఈ శాస్త్రశాఖ వరదవలె పెరిగినది.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. రుథీనియము, ఇరిడియము అను లోహములు భూమిపై అత్యంత దుర్లభములు. ఇరిడియము భూమి పైపొరలో బంగారము కంటెను తక్కువగా నున్నది. లోకమునకు ఇవి ముఖ్యముగా దక్షిణాఫ్రికా గనులనుండి రావలెను. ధర మాట యట్లుండగా, మరియొక బాధ కలదు. దానిని నేను స్వయముగా అనుభవించితిని.

నేను యువకుడనై ఒక మందుల కర్మాగారమున పనిచేయునాడు, ఒక మందు తయారీలో పల్లేడియము అను లోహము ఉత్ప్రేరకముగా నుండెడిది. నాలుగు దినములు రాత్రింబవళ్లు శ్రమించి సరుకు తయారుచేసితిమి. తెల్లగా, మల్లెపూవువలె వచ్చినది. పరీక్షకు పంపగా లోహపు జాడ హద్దు మించినదని తిరిగివచ్చినది. కంటికి కనబడని ఆ జాడను తొలగించుటకు కరిగించితిమి, వడపోసితిమి, మరల కరిగించితిమి. సరుకులో ఆరవవంతు ఆ శుద్ధిలోనే పోయినది. పీపాలకొలది ద్రావణము వ్యర్థమైనది. అందు తప్పు నాదియు కొంత యున్నది; వడపోతకు తొందరపడితిని. నోటి ద్వారా పుచ్చుకొను మందువలన దినమునకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లేడియము దేహమున చేరరాదని నేటి అంతర్జాతీయ నియమము. ఒక గ్రామును పదివేల భాగములు చేసిన అందొక భాగమన్నమాట. రోగి మేలుకొరకు ఈ నియమము ఉండవలసినదే. అసలు లోహమే లేని ఉత్ప్రేరకమున్నచో ఈ యాతన యుండదు గదా యని ఆ రాత్రి అనుకొంటిని. ఆ కోరికకు నేడు సమాధానము దొరకుచున్నది.

సమాధానము కర్బనము. కర్బనము రెండు వేషములలో మనకు చిరకాలముగా తెలియును: ఒకటి వజ్రము, రెండవది పెన్సిలులో వాడు నల్లసీసము, అనగా గ్రాఫైటు. 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ అను శాస్త్రజ్ఞులు మూడవ వేషమును కనుగొనిరి. అరువది కర్బన పరమాణువులు కాలిబంతివలె గుండ్రముగా చేరిన అణువది. పండ్రెండు పంచభుజములు, ఇరువది షడ్భుజములు కలిపి కుట్టినట్లుండును. దానికి ఫుల్లరీను అని పేరు. 1990లో గ్రాఫైటును విద్యుత్తుతో కాల్చి, వచ్చిన మసిని ద్రావకములో నానవేసి, దానిని గ్రాములకొలది తీయుట నేర్చిరి. మసిని నానవేయగా ఎఱ్ఱని ద్రావణము దిగివచ్చినది! కనుగొనిన మువ్వురకును 1996లో నోబెలు బహుమానము లభించినది.

1991లో జపాను దేశీయుడు ఇయిజిమా కర్బనపు సూక్ష్మనాళములను వర్ణించినాడు. 2004లో గైమ్, నొవొసెలోవ్ అను వారు గ్రాఫైటుపై అంటుపట్టీ నతికించి లాగి, ఒక్క పరమాణువు మందము గల గ్రాఫీను పొరను వేరుచేసిరి. వారికి 2010లో నోబెలు వచ్చినది. ఆ 2004లోనే అమెరికాలో కొందరు సూక్ష్మనాళముల మసిని శుద్ధి చేయుచుండగా, పారవేయదగిన మడ్డిలో వెలుగును చిమ్ము రేణువులు కనబడినవి. వానికి తరువాత కర్బన బిందువులని పేరు వచ్చినది. సెంటీమీటరులో కోటవ వంతును నానోమీటరు అందురు. ఈ బిందువుల అడ్డుకొలత సామాన్యముగా పది నానోమీటర్లకు లోపు. మన తలవెండ్రుక మందములో వేలకొలది బిందువులను వరుసగా పేర్చవచ్చును.

ఇవి క్రొత్త పేర్లే కాని, వస్తువు మరీ క్రొత్తది కాదు. మన తెలుగు, కన్నడ దేశముల "ఉక్కు" అను మాటయే పాశ్చాత్యుల నోట "వూట్జ్" అయినదని పండితులు చెప్పుదురు. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో తయారైన ఉక్కుముద్దలను పారశీక వర్తకులు కొనిపోయెడివారు. దక్షిణభారతపు ఉక్కుతో చేయుచు వచ్చిన డమాస్కసు జాతి ఖడ్గములలో పదునేడవ శతాబ్దపు ఖడ్గమొకదానిని జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందు కర్బన సూక్ష్మనాళములున్నవని 2006లో ప్రకటించిరి. కారంపూడి వీరుల తిరునాళ్లలో ఆయుధములకు మ్రొక్కు మనకు ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. ఆ కమ్మరి నానోమీటరు మాట ఎరుగడు. కాని కొలిమి తీరు ఎరుగును.

ఇప్పుడు ఈ కర్బన వస్తువులు వెలుగులో ఏమి చేయునో చూతము. ఫుల్లరీను వెలుగును పట్టగానే ఆ శక్తిని ప్రక్కనున్న ప్రాణవాయువునకు అప్పగించును. శక్తినందుకొనిన ప్రాణవాయువు ఉగ్రరూపము దాల్చి, సాధారణముగా కదలని అణువులతో గూడ చర్య జరుపును. కర్బన బిందువులు మోటబావి పద్ధతిలో ఎలక్ట్రానుల నిచ్చిపుచ్చుకొనును. ఇటలీలోని త్రియెస్తే విశ్వవిద్యాలయమున ప్రాతో ఆచార్యుని బృందము నత్రజని చేర్చిన కర్బన బిందువులను వెలుగులో నుంచి, సేంద్రియ అణువులకు ఫ్లోరిను గల శాఖలను అతికించినది. నేటి మందులలో పెక్కింటియందు ఫ్లోరిను కలదు గనుక ఇది ప్రయోజనకరమైన పని.

రైతు సోదరులకు మరింత ఆప్తమైన ఉదాహరణమొకటి చెప్పెదను. మనము చేలకు చల్లు యూరియాను మూతగల మూసలో సుమారు 550 డిగ్రీల వేడిమికి తెచ్చినచో లేతపసుపు వన్నెగల పొడి మిగులును. అది కర్బనమును నత్రజనియు అల్లుకొనిన పదార్థము; కర్బన నైట్రైడు. ఈ జాతి పదార్థమును 1834లోనే లీబిగ్ అను జర్మను రసాయనికుడు వర్ణించినాడు. నూట డెబ్బదియైదేండ్లు అది అలమరలో పడియున్నది. 2009లో వాంగ్, అంటోనియెట్టి మొదలగువారు ఆ పొడి కంటికి కనబడు వెలుగులో నీటినుండి ఉదజనిని రాబట్టగలదని చూపిరి. ఆ పనికి కొద్దిపాటి ప్లాటినమును తోడుగా చేర్చుచుండిరి. మరుసటి యేడు, లోహమేదియు చేర్చకయే, గాలిలోని ప్రాణవాయువుతో ఒక మద్యసారజాతి పదార్థమును చేదుబాదపు వాసనగల బెంజాల్డిహైడుగా మార్చిరి. పని ముగిసిన పిదప పొడిని వడపోసి మరల వాడుకొనవచ్చును. పిల్లలకు ఒక హెచ్చరిక: యూరియాను ఇంట కాల్చి చూడరాదు. అందు విషవాయువులు వెలువడును. అది ప్రయోగశాలలో పెద్దల యెదుట చేయవలసిన పని.

ఇక ముందు చెప్పిన నిజాయితీ మాట. "లోహరహితము" అని చీటీ అంటించుట సులభము, నిరూపించుట దుర్లభము. కర్బన సూక్ష్మనాళములను పెంచుటకు సాధారణముగా ఇనుము, కోబాల్టు, నికెలు రేణువులు వాడుదురు. అవి కొంత లోపలనే చిక్కుకొనియుండును. గ్రాఫైటును ఆక్సీకరించు పద్ధతి 1958లో హమ్మర్స్, ఆఫెమన్ అను వారు ప్రకటించినది; అందు పర్మాంగనేటు వాడుదురు గనుక మాంగనీసు జాడ మిగులును. పని చేసినది కర్బనమా, దాగియున్న లోహమా? మసి పూసిన మారేడుకాయ సామెత ఇచ్చట తిరుగబడును: ఇచ్చట మసిలోపల కాయ దాగియుండవచ్చును.

దీనికొక చక్కని దృష్టాంతము, వెలుగుతో పనిలేని మరియొక చర్యలో కలదు. 2003లో ఇంగ్లండునందు లెడ్‌బీటర్ అను రసాయనికుని బృందము, పల్లేడియము లేకుండ జరుగదని అందరు నమ్మిన చర్యను లోహము లేకయే జరిపితిమని ప్రకటించినది. లోకము ఆశ్చర్యపడినది. కాని వారు అంతటితో ఊరకుండలేదు. ప్రతి పదార్థమును తరచి చూచిరి. తుదకు వారు వాడిన సోడియము కార్బొనేటులో, అనగా మన చాకలిసోడా జాతి వస్తువులో, నూరుకోట్ల పాళ్లకు ఏబది పాళ్ల పల్లేడియము దాగియున్నదని తేలినది. ఆ కాసింతయే పని జరిపినదని 2005లో వారే స్వయముగా ప్రకటించిరి. నేను విద్యార్థులకు ఎన్నో విజయగాథలు చెప్పితిని. కాని ఈ ఓటమి కథను చెప్పినంత గర్వముతో ఏదియు చెప్పలేదు. తన మాట తప్పని తానే చాటిచెప్పగల ధైర్యమే శాస్త్రమునకు ప్రాణము.

కనుక నేటి పరిశోధకుడు మూడు నాలుగు పరీక్షలు తప్పక చేయవలెను. వెలుగు లేక చీకటిలో నుంచి చూడవలెను. ఉత్ప్రేరకము లేక వెలుగులో నుంచి చూడవలెను. లోహపు జాడలను కొలువవలెను. ఇది మనమెరుగని విద్య కాదు. క్రొత్త ఎరువు వచ్చినప్పుడు తెలివిగల రైతు ఒక మడికి వేసి, ప్రక్కమడిని వేయక విడిచి, రెండింటి పంటను పోల్చును. ప్రక్కమడి లేని ప్రయోగము ప్రయోగము కాదు.

మన తెలుగుదేశములో ఈ కృషి లేదనుకొనరాదు. హైదరాబాదులో 1944లో కేంద్ర ప్రయోగశాలలుగా పుట్టి, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమై, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేరు దాల్చిన సంస్థలో మాచిరాజు సుబ్రహ్మణ్యము, దుర్గాకుమారి గార్లును వారి సహచరులును టైటానియము ఆక్సైడును రంధ్రములు గల ఖనిజాధారములపై నిలిపి, నీటిలోని ఐసోప్రొట్యురాన్ వంటి కలుపుమందులను వెలుగుతో విచ్ఛిన్నము చేయు మార్గములను శోధించిరి. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమున ఎం.వి. శంకర్ గారి ప్రయోగశాల టైటానియము ఆక్సైడు సూక్ష్మనాళములతోను, వానికి కర్బన పదార్థములను జతపరచియు, ఎండవెలుగులో ఉదజనిని రాబట్టుటకు కృషి చేసినది. రసవాదము చేసినాడని జనశ్రుతిగల వేమన పేరిటి విద్యాలయమున ఈ పని జరుగుట ఎంతయు ఉచితముగా నున్నది. ఇవి సంపూర్ణముగా లోహరహితములు కావు. కాని మార్గము అదియే.

ఇది మనకెందుకు అని ఎవరైన అడుగవచ్చును. మన పిల్లలు ఏటేట హైదరాబాదు చుట్టునున్న మందుల కర్మాగారములలో పనికి పోవుచున్నారు. ఆ పరిశ్రమ మనకు అన్నము పెట్టినది. లోకమునకు చౌకగా మందులిచ్చినది. కాని దానికి మరియొక ముఖమున్నది. పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడుచు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు నున్నదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. రోగిదేహములో నుండవలసిన మందు వాగులో పారినచో, క్రిములు ఆ మందునకు అలవాటుపడును. రేపు మన బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఆ మందు పనిచేయదు. ఈ మురుగంతయు లోహపు ఉత్ప్రేరకముల వలన వచ్చినదని నేననను. కాని తక్కువ వేడిమి, తక్కువ ద్రావకము, తక్కువ శుద్ధి గల పద్ధతి వచ్చినకొలది మురుగు మూలముననే తరుగును. కృష్ణనీటితో గొంతు తడుపుకొను మనకు ఇది పరాయి విషయమా?

ఆశలతో పాటు హద్దులను గూడ చెప్పుట నా విధి. వెలుగు లోతునకు పోలేదు. పెద్దబావి అడుగున చీకటి, పిల్లకాలువ అడుగున వెలుగు. వేయిలీటర్ల పాత్ర మధ్యకు దీపకాంతి చేరదు. అందుచేత సన్నని గొట్టములలో ద్రావణమును పారించుచు వెలుగు చూపు పద్ధతులను రూపొందించుచున్నారు. కర్బన బిందువులు అన్నియు ఒక్క తీరున నుండవు. ఒక్కొక్క మారు వెలుగు చిమ్మినది బిందువు కాక, తయారీలో పుట్టిన చిన్న అణువని తేలినది. పత్తికట్టె, మిరపకట్టె వంటి పంటవ్యర్థములనుండియు ఇట్టి బిందువులను చేయవచ్చును. కాని రేపే మన కట్టెకు మంచి ధర పలుకునని చెప్పి మిమ్ము మభ్యపెట్టను. "నానో" యను పేరు చూచి వస్తువు కొనకుడు. ప్రక్కమడి యేదని అడుగుడు.

చివరగా గ్రంథాలయమును గూర్చి ఒక మాట. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములను తెలుగున ముద్రించి ఊరూరికి పంపినది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములు నడిపి, పాఠకుని ఇంటిముంగిటికి చేర్చిరి. వారికి ధనము లేదు. మనకున్న సౌకర్యములు లేవు. మనము 2022లో ప్రత్యేక జిల్లాయైతిమి. నరసరావుపేట మనకు ముఖ్యపట్టణమైనది. కాని మన గ్రంథాలయములో శాస్త్రగ్రంథముల అలమరను నిన్న చూచితిని. అందు పదునొకండు పుస్తకములున్నవి; నాలుగింటికి అట్టలు లేవు. నేను దోషము ఎంచుటలేదు. ఈ ఊరివాడనైన నేనును ఇన్నాళ్లు ఒక్క పుస్తకమైన ఈయలేదు.

కావున నేను దాచుకొనిన రసాయన, భౌతికశాస్త్ర గ్రంథములను నేటినుండి ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. నెలకొక ఆదివారము సాయంకాలము ఇచ్చట కూర్చుండి, అడిగిన పిల్లలకు తెలిసినంత చెప్పెదను. తెలియనిదానిని తెలియదని చెప్పెదను. నేను కోరునది ఒక్కటే: ప్రతి ఇంటినుండి ఒక్క బిడ్డయైన రావలెను, ఆడపిల్లలు తప్పక రావలెను.

కార్యదర్శిగారి సందేహము ఇప్పటికి తీరినదని తలంచెదను. మసి వెలుగునకు శత్రువు కాదు. వెలుగును పట్టగల పాత్ర. చెక్కపలకపై నలుపుండబట్టియే గదా తెల్లని అక్షరము కనబడినది! రెండున్నర దశాబ్దములుగా ఈ దీపమును ఆరనీయక కాపాడిన కార్యవర్గమును, చందాదారులను, దాతలను మనసార అభినందించుచున్నాను. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతవార్షికోత్సవమును జరుపుకొనుగాక! ఆనాడు ఈ వేదికపై నిలుచు శాస్త్రజ్ఞుడో శాస్త్రజ్ఞురాలో ఈనాడు ముందువరుసలో కూర్చున్న ఈ పిల్లలలోనుండియే వచ్చుగాక!